ఏది బాగుంది, దుర్గా?

గల్ఫ్‌లో, అమ్వాజ్‌ అనే చోట ఉన్న ఆ ఇంటి హాల్లో రెండు సీడీ ప్లేయర్లు పక్కపక్కనే కొలువుదీరాయి. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. వెండిది నల్లదానికి నాలుగింతల ఖరీదట. లోపల ఏం పోసి పెట్టారో గానీ, పనిచేసే సత్యదుర్గకైతే రెండూ దుమ్ము తుడవాల్సిన డబ్బాలే.

విని చూసుకుని నచ్చింది ఉంచుకోండని కొట్టువాళ్ళు ఇచ్చి వెళ్ళారు. ఇంటి పెద్దాయన్ని ఆమె బాబా అంటుంది. భార్య పోయాక ఆయనకి పాటలే తోడు. కొడుకు యూసుఫ్ మాత్రం, "మీ చెవులు తగ్గాయి నాన్నా, మీకివెందుకు? రెండింటికీ తేడా తెలిస్తే ఉంచుకోండి, తెలియకపోతే పాటల సామానంతా అమ్మేద్దాం" అని తేల్చేశాడు. నోరు కాదది, కత్తెర. అప్పట్నుంచీ బాబాకి తిండి సయించడం లేదు.

ఒకే పాట ఇందులో కాసేపు, అందులో కాసేపు, మళ్ళీ మొదటికి. చివరికి ఆమెను పిలిచి సోఫాలో కూర్చోబెట్టాడు. ఆ సోఫాను దులపడమే గానీ దానిమీద కూర్చోవడం ఆమె ఎరగదు.

"ఏది బాగుంది, దుర్గా?" అన్నాడు హిందీలో.

చెవులు రిక్కించి వింది. ఎటు విన్నా ఒకలాగే ఉంది. టీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయి, పక్కవీధిలో పనిచేసే సాయికుమారికి ఫోన్ చేసింది.

"ఇందులో ఆలోచించడానికేముందే? పెద్దిళ్ళల్లో ఏది బాగుందని అడిగితే ఖరీదైందే బాగుందనెయ్యాలి. పర్సైనా సెంటైనా అంతే. ఆళ్ళక్కావాల్సిందీ అదే" అంది సాయికుమారి.

సత్యదుర్గ ప్రాణం తేలికపడింది. టీ అందిస్తూ, "వెండిదే బాబా! చాలా తేడా ఉంది. నల్లదాంట్లో గొంతు బొంగురుగా వస్తోంది" అని తన వంతు మసాలా కూడా దట్టించింది.

బాబా మొహం వాడిపోయింది.

"అంత తేడా ఉందా? నాకు రెండూ ఒక్కలాగే వినబడుతున్నాయి. అయితే యూసుఫ్ అన్నది నిజమే."

సంతోషపెడదామని అన్న మాట ఇలా తిరగబడిందేమిటి?

"లేదు బాబా, అబద్ధం చెప్పాను! నాకూ ఏ తేడా తెలియలేదు. దేవుడి మీద ఒట్టు."

ఆయన జాలిగా నవ్వాడు. "మంచిదానివి దుర్గా. నా మనసు కష్టపెట్టకూడదని ఇప్పుడు అబద్ధమాడుతున్నావు."

"ఇప్పుడు కాదు బాబా, ఇందాక!"

ఎన్నిసార్లు చెప్పినా నమ్మడే! ఇందాకటి అబద్ధాన్ని అడక్కుండానే నమ్మిన మనిషి. సత్యదుర్గకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఖలాస్. రేపు యూసుఫ్ వచ్చి అన్నీ పట్టుకుపోతాడు" అంటూ ఆయన వెండిదాంట్లోనే మళ్ళీ పాట పెట్టి, ఆమెను మళ్ళీ సోఫాలో కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. "ఈలోగా ఒక్కసారి... ఇందులో నాకు వినబడనిది ఏముందో నువ్వు విని చెప్పు."

పాట మొదలైంది. బాబా ఆశగా ఆమె మొహంలోకి చూస్తున్నాడు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పేది?