214వ నంబరు మూత

నేను ఒక ఇనప మూతను. వీధి మధ్యలో మురుగుకాలువ గోతిని కప్పి పడుకోవడం నా ఉద్యోగం. ఈ పేటలో నన్ను తొక్కనివాడు లేడు, తలవంచి చూసినవాడూ లేడు. మూత లేనప్పుడే జనానికి మూత గుర్తొస్తుంది.

నన్నూ నా చట్రాన్నీ ఒకే రోజు పోతపోశారు. ఒకదాన్నొకటి పట్టుకునేలా అరగదీసి, నా అడుగునా దాని లోపలి అంచునా ఒకే నంబరు చెక్కారు: 214. పైన కార్పొరేషన్ పేరు పెద్ద అక్షరాల్లో పోశారు. ఆ చట్రంలో వేరే మూత పెడితే బండి ఎక్కినప్పుడల్లా లొడలొడమంటుంది. పంతొమ్మిదేళ్లు మేం చప్పుడు చేయలేదు.

ఈ ఊళ్లో ఒక పద్ధతుంది. పెద్ద వాన పడి వీధి మునిగితే, నీళ్లు తొందరగా దిగడానికి కార్పొరేషన్ వాళ్లే మూత ఎత్తేస్తారు. గోతిలో ఒక చెట్టుకొమ్మ గుచ్చుతారు. అదే హెచ్చరిక, అదే కాపలా. ఆగస్టులో ఒక సాయంత్రం పారిశుధ్య కార్మికుడు గురువులు గడ్డపారతో నన్ను లేపాడు, బాదం కొమ్మ గుచ్చాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి పక్క వీధికి రమ్మంటే వెళ్లిపోయాడు. కొమ్మ కొట్టుకుపోయింది.

మోకాటిలోతు నీళ్లలో పారమ్మ వచ్చింది. బడిలో పిల్లలకు అన్నం వండి ఇంటికి పోతోంది. నేను గోతికి మూరెడు దూరంలో ఉన్నాను. చేయగలిగిందేమీ లేదు. ఆమె శవం రెండు వీధుల అవతల తేలింది.

మూడో రోజు నా చట్రంలో కొత్త మూత పెట్టి, నన్ను ట్రాక్టరులో వేసి తీసుకుపోయారు.

పారమ్మ మొగుడు లక్షుంనాయుడు జనపనార మిల్లులో పనిచేసి మానేసినవాడు. కేసు వేశాడు. కార్పొరేషన్ జవాబు రెండు ముక్కలు. మూతను గుర్తు తెలియని దొంగలు ఎత్తుకుపోయారు. మృతురాలు చూసుకోకుండా నడిచింది.

ఆయన లాయరు హైమావతి. కార్పొరేషన్ మీద గాయాల కేసులూ చావు కేసులూ ఇరవయ్యేళ్లుగా నడుపుతోంది. చాలావాటిని రాజీతోనే తేల్చింది, అందుకు సిగ్గుపడదు. అయితే కాగితాల కట్ట విప్పే ముందు గొయ్యి చూసి వస్తుంది. ఎదురుగా ఉన్న వెల్డింగు షాపువాళ్లచేత కొత్త మూత ఎత్తించి, చట్రం మీది నంబరు రాసుకుంది.

ఒకరోజు నోటీసు ఇచ్చి ముద్ర వేయించుకోవడానికి వార్డు ఆఫీసుకు వచ్చింది. గుమాస్తా భోజనానికి పోయాడు. ఆమె వరండా పక్కన నీళ్ల సంపు దగ్గర నిలబడింది. ఆ సంపు మీద మూత నేనే. దొంగలు ఎత్తుకుపోయిన నేను వాళ్ల మంచినీళ్లకే కాపలా కాస్తున్నాను. పైనున్న కార్పొరేషన్ పేరు ఎవరి కంటా పడకూడదని ఇన్‌స్పెక్టరు తెలివిగా నన్ను బోర్లా వేయించాడు. దాంతో అడుగున ఉన్న నంబరు ఆకాశంకేసి తిరిగింది.

ఆమె చెప్పుతో బురద తోసింది. రెండు. ఒకటి. నాలుగు. ఫోన్ తీసి ఫొటోలు కొట్టింది. గుమాస్తా వచ్చి, "ఏటమ్మా, సంపుకి ఫొటోలేటి?" అన్నాడు.

"మీ సంపు మూత బాగుందండీ. ముద్ర వెయ్యండి," అంది.

ఆ ఫొటోలు కోర్టులో పెట్టింది. వారం తిరక్కుండా కోర్టు మనిషి వచ్చి, నన్ను వీధికి తీసుకుపోయి, అందరి ముందూ చట్రంలో పెట్టించాడు. దిగాను. చప్పుడు లేదు. గురువులును పిలిచి అడిగితే తలదించుకుని, "నానే ఎత్తినానండి. ఉండమంటే ఉందును. పొమ్మన్నారు," అన్నాడు.

అప్పుడు రాజీ మాట వచ్చింది. కార్పొరేషన్ లాయరు శ్రీపతి మర్యాదస్తుడు. అడిగినదానికంటే ఎక్కువే ఇప్పిస్తాననీ, తప్పెవరిదో మాత్రం రాయొద్దనీ అన్నాడు.

హైమావతి నిజమే చెప్పింది. "నాయుడుగారూ, ఇది మంచి మొత్తం. కాదంటే ఇంకో నాలుగేళ్లు తిరగాలి. అప్పుడైనా ఇదే వస్తుందని నేను మాటివ్వలేను."

"డబ్బు సంగతి మీరు సూసుకోండమ్మా. నాకా రెండు ముక్కలు కొట్టీమనండి. దొంగలన్నది కొట్టీమనండి. సూసుకోకండా నడిసిందన్నది కొట్టీమనండి. ఎవుడు తీసాడో రాయమనండి."

శ్రీపతి నవ్వాడు. "అది మావాళ్లకు అలవాటు లేని పనయ్యా."

"నేర్సుకోమనండి. నాలుగేళ్లు నాకు లెక్క కాదు. ఇంటికాడ నాకోసం ఎవులూ కూకోలేదు."

హైమావతి కట్ట మూసి లేచింది. మూడు వాయిదాలు అలాగే లేచింది. నాలుగోసారి శ్రీపతి తానే కలం తీశాడు. సిబ్బందే మూత తీసి కాపలా లేకుండా వదిలేశారనీ, పారమ్మ తప్పేమీ లేదనీ రాశాడు. లక్షుంనాయుడు మూడుసార్లు చదివించుకున్నాడు. బయట గురువులు వచ్చి ఆయన చేతులు పట్టుకోబోయాడు. "ఎల్లు. నీ డ్యూటీకి ఎల్లు," అని నాయుడు చేతులు లాక్కున్నాడు.

నన్ను నా చట్రానికి ఇమ్మని కోర్టు రాసింది. ఇచ్చారు. అందుకే తర్వాత జరిగింది చూడగలిగాను.

ప్రతి సోమవారం ఉదయం లక్షుంనాయుడు మైదా జిగురు డబ్బాతో వస్తాడు. నా పక్కనున్న కరెంటు స్తంభానికి శ్రీపతి రాసిన ఆ కాగితం నకలు అంటిస్తాడు. వారంలో ఎప్పుడో కార్పొరేషన్ వాళ్లు గీకేస్తారు. గీకింది పద్నాలుగుసార్లు. అంటించింది పదిహేనుసార్లు.

మొన్న ఇన్‌స్పెక్టరు స్కూటరు నా మీదే ఆపాడు. "ఏటి నాయుడూ, కేసయిపోనాది, డబ్బులొచ్చినాయి. ఇంకా ఏటిది?"

"నువ్వు గీకు. నాను అంటిస్తాను. ఎవుడు ముందు అలిసిపోతాడో సూద్దాం."

"బాగోదు నాయుడూ."

"బాగోడానికి కాదు."

ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాడు. నాయుడు తొందరపడలేదు. కాగితం పై రెండు మూలలూ నొక్కాడు, కింది రెండు మూలలూ నొక్కాడు. ఒక మూల లేచింది. ఇంకాస్త జిగురు రాసి, ఆరేదాకా బొటనవేలు తీయలేదు.