ప్రియ చేతివ్రాత

మా జలంత్రకోటలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు చేయించేది క్రియాటినిన్ పరీక్షే. ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు భయం గనుక, ఆ అంకె సరిగా ఉంటే ఇక జబ్బే లేదని నిశ్చింతగా ఉంటాం. టెక్కలి కళాశాలలో ముప్పైరెండేళ్లు ఇంగ్లీషు బోధించిన నేనూ అలాగే ఉన్నాను.

ప్రియ నా మనుమరాలు, పద్నాలుగేళ్లది. మా అమ్మాయి కళ్యాణికీ, నా చెల్లెలు బొడ్డమ్మ కొడుకు ధనుంజయ్‌కీ పుట్టిన పిల్ల. ఆ మేనరికం నేను కుదిర్చినదే. నిరుడు శ్రావణంలో ప్రియకు అన్నం సయించడం మానింది. పొట్ట ఉబ్బరం, తరచు వాంతులు. పలాసలో పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ సున్నా పాయింట్ ఆరు వచ్చింది, అంటే కిడ్నీలు బాగున్నట్టే. ఆ కాగితాన్ని వీధిలో నలుగురికీ నేనే చదివి వినిపించాను. కాలేయం సంగతి విశాఖపట్నంలో చూపించమని డాక్టరు అడుగున వ్రాసిన వాక్యాన్ని మాత్రం చదవలేదు. అది అనవసరపు జాగ్రత్తగా తోచింది.

“అన్నియ్యా, అంకె బాగుంటే సాలా? పిల్ల ముకం సూడు, పసుపు రాసినట్టుంది,” అంది బొడ్డమ్మ.

“రిపోర్టు చదవడం నీకంటే నాకు బాగా తెలుసు.”

“ఔనౌను, సదివినోడివి. నాకు కాయితం సూడ్డం రాదు, పిల్లనే సూత్తాను.”

బోరు నీరు మంచిది కాదని రాగి బిందె కొని తెచ్చి, అందులో నిలవ ఉంచిన నీటినే ప్రియ చేత తాగించాను. బలానికని మా తోట జీడిపప్పు రోజూ గుప్పెడు పెట్టించాను.

చలికాలం నాటికి ఆమె చేతివ్రాత చెడింది. అక్షరాలు గీత దాటి ఒకదానిమీద ఒకటి పడేవి. అశ్రద్ధ అనుకున్నాను. ఎర్రసిరాతో కొట్టివేసి, అదే పేజీ పదిసార్లు వ్రాయమన్నాను.

“తాతా, సెయ్యి నా మాట ఇనట్లేదు.”

“వినేలా చేసుకోవాలి,” అన్నాను.

సాయంత్రం దాకా కూర్చుని పదీ వ్రాసింది.

ఫిబ్రవరిలో కాళ్లు వాచాయి. అప్పుడు గాని విశాఖపట్నం వెళ్లలేదు. అక్కడి డాక్టరమ్మ కంటి యంత్రంలో ప్రియ నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం చూశారు. రక్తం, మూత్రం, జన్యు పరీక్షలయ్యాక అది విల్సన్ వ్యాధి అని తేల్చారు. తిండిలో వచ్చే రాగిని శరీరం బయటికి పంపలేకపోతుంది. అది కాలేయంలోనూ, ఆ తరువాత మెదడులోనూ పేరుకుంటుంది. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చాయి.

“ఇంట్లో తాగే నీళ్లు దేనిలో ఉంచుతారు?” అని ఆమె అడిగారు.

కళ్యాణి నా వైపు చూసి తల దించుకుంది. రాగి బిందె అని నేనే చెప్పాను. జీడిపప్పు సంగతీ చెప్పాను.

“జబ్బు వాటివల్ల రాలేదండీ, పుట్టుకతో ఉన్నదే. కానీ ఆ రెండింటివల్లా ఒంట్లో రాగి ఇంకా చేరుతుంది, మాన్పించండి. చెయ్యి వణకడం ఎప్పుడు మొదలైంది?”

ఆ తేదీ చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రియ నోటుపుస్తకంలో ఎర్రసిరాతో నేను చేసిన సంతకం కింద అది ఉంది.

“అప్పటికే తీసుకొచ్చి ఉంటే బాగుండేది. ఇప్పుడు చెయ్యి ఎంతవరకు కుదుటపడుతుందో చెప్పలేను,” అన్నారామె.

మాత్రలు జీవితాంతం వాడాలి. వాపు తగ్గింది, ప్రియ అన్నం తింటోంది. చేయి మాత్రం నిలకడకు రాలేదు. ప్రియ తన పాఠాలు నోటితో చెబుతూ ఉంటే ఆమె నోటుపుస్తకంలో నేను వ్రాస్తున్నాను.

మొన్న పుస్తకం లాక్కొని చూసింది.

“ఇదేటి తాతా, ‘క్ష’ గీత దాటిపోనాది?”

“పదిసార్లు రాయించే, బుద్దొత్తాది,” అంది బియ్యం ఏరుతున్న బొడ్డమ్మ.

“ఔను, పదిసార్లు రాయి మరి!” అని ప్రియ నవ్వింది.

కళ్లద్దాలు తుడుచుకొని కొత్త పేజీ తిప్పాను. ఏడోసారికి ప్రియ నా కలం పట్టుకొని, “సాలు తాతా, ఆపీ,” అంది.

ఆనాడు నేను ఆ మాట అనలేదు. కలం విడిపించుకొని పదీ పూర్తిచేశాను.