మానాలి అన్న మాట

ఆ రక్తపరీక్షల గదిలో ఆమెను అందరూ దోమక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేతికి సూది గుచ్చేముందు "ఏం లేదు, దోమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పి చెప్పి తెచ్చుకున్న పేరది. మొదట్లో ఎవరైనా అలా పిలిస్తే ముఖం మాడ్చుకునేది. తర్వాత తర్వాత తనే ఫోనెత్తి "దోమక్కను మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. పేరు ఎలాంటిదైనా చెయ్యి మాత్రం చల్లని చెయ్యి. మొదటి గుచ్చుకే నరం దొరికించుకుంటుంది. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా తమ పిల్లలకు రక్తం తీయించాల్సి వస్తే ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వస్తారు.

చేతితో పాటు తన నోరు కూడా మంచిదేనని దోమక్క నమ్మకం. ఏ పరీక్షకు ముందు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతానని నలుగురిలో చెప్పుకునేది. చిక్కంతా ఆ అరటిపండు దగ్గరే వచ్చింది.

ఆ ఏడాది పిల్లల డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. ఆటిజం ఉన్న పిల్లల రక్తంలో సెరటోనిన్ ఎంత ఉంటుందో, కొన్ని వారాల తేడాలో అది మారుతుందో లేదో చూడాలని. సెరటోనిన్ అనగానే "సంతోషాన్నిచ్చే రసాయనం కదండీ" అని పత్రికలు చదివిన తల్లిదండ్రులు అడిగేవాళ్ళు. ఆ మాట వింటే డాక్టరమ్మకు ఒళ్ళు మండేది. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళు తయారయ్యేది పేగుల్లో. రక్తంలో దాన్ని మోసుకు తిరిగేవి ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు. రక్తంలో ఉన్నది మెదడు గడప దాటదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇంచుమించు నలుగురిలో ఒకరికి అది రక్తంలో ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకన్నది ఇంతవరకూ ఎవరూ పూర్తిగా తేల్చలేదు. ఇదంతా దోమక్కకు కంఠతా వచ్చు.

ఈ పరీక్షకు తీసిన రక్తం మహా సుకుమారం. గొట్టం కాస్త కుదిపితే చాలు, కణాలు పగిలి అంకె అబద్ధమాడుతుంది. తీసిన మరుక్షణం ఐసులో పెట్టాలి. ఇంకొకటి, అరటి, అనాస, అక్రోటు లాంటివాటిలో సెరటోనిన్ ఉంటుంది కాబట్టి పరీక్షకు ముందు మూడు రోజులు అవి తినకూడదు. ఈ సంగతి అచ్చేసిన కాగితాలు ఒక వారం అయిపోయాయి. దోమక్క తలొంచుకుని, బయట పాతికమంది ఎదురుచూస్తుండగా, చిత్తు కాగితం మీద తన గుండ్రటి అక్షరాలతో గబగబా రాసిచ్చింది. "అరటిపండు, అనాసపండు, అక్రోటు: మానాలి."

ఆ కాగితం అందుకున్నవాడు ఒక వడ్రంగి మేస్త్రీ. తలుపులు, కిటికీలు, బళ్ళో బల్లలు చేసే మనిషి. అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా చేసిన పని విప్పి మళ్ళీ చేస్తాడు. రాసింది రాసినట్టు చెయ్యడం అతని వృత్తిలోనే ఉంది. అతనికి ఏడేళ్ళ కూతురు. ఇంట్లో బుజ్జమ్మ అంటారు. ఆ పిల్లకు వచ్చిన మాటలు పదిహేనో పదహారో. అవైనా ఏడాదికి రెండు మూడు చొప్పున, ఇంటిల్లిపాదీ కాచుకు కూర్చుంటే వచ్చినవి.

మొదటిసారి రక్తం తీసినప్పుడు బుజ్జమ్మ ఏడవలేదు. దోమ కుట్టినట్టు ఉంటుందనగానే గది నాలుగు మూలలా దోమ కోసం వెతికింది. సూది బయటికి తీసి, దూది అద్ది, "అంతే" అంది దోమక్క. పిల్ల ఆ దూదిని చూపు తిప్పకుండా చూసింది. అంకె ఎక్కువే వచ్చింది. ఆరు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఆరు వారాలకు, చెప్పిన రోజున, చెప్పిన గంటకు మేస్త్రీ కూతుర్ని తీసుకుని వచ్చాడు. పిల్ల వస్తూనే సూదుల బల్ల మీదున్న దూది డబ్బా వైపు చెయ్యి చాపి "అంతే" అంది.

"దూదికి అదే పేరు పెట్టుకుందక్కా," అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. "ఇంట్లో దిండు చిరిగి దూది కనబడినా 'అంతే' అంటుంది."

దోమక్కకు ముచ్చటేసింది. కాస్త దూది తుంచి పిల్ల గుప్పిట్లో పెట్టింది. చెయ్యికి రబ్బరు పట్టీ కట్టబోతే అది కిందటిసారి బిగిసిన చోట బిగియలేదు. ఇంకా లోపలికి లాగాల్సి వచ్చింది. దోమక్క పట్టీ విప్పేసి పిల్లను తూకం మీద నిలబెట్టింది. కిందటిసారి ఇరవై రెండు కిలోలు. ఇప్పుడు పంతొమ్మిదిన్నర.

"జ్వరమేమైనా వచ్చిందా మేస్త్రీ గారూ? ఇలా చిక్కిపోయిందేం?"

"జ్వరం లేదు, ఏం లేదు. పొద్దున పూట తినడం లేదు, అంతే." కాస్త ఆగి, మెచ్చుకుంటారనే నమ్మకంతో చెప్పాడు. "మీరు చెప్పినట్టే మానేశామక్కా. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అరటిపండు గడప తొక్కనివ్వలేదు."

"ఏదీ, ఆ కాగితం ఉందా?" అంది దోమక్క. జేబులోంచి అతను నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. మడతల్లో రంపపు పొట్టు. తన గుండ్రటి అక్షరాలు తననే చూస్తున్నాయి. మూడు రోజులు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

"ఇన్నాళ్ళూ ఇది గోడకు అంటించి పెట్టుకున్నానండీ. పండు మానితే లోపలిది మానుతుందని అర్థమైంది నాకు. రక్తంలో ఎక్కువుందని డాక్టరమ్మ గారు చెప్పాక ఇంకా నమ్మకం కుదిరింది. మా ఆవిడ పండు పెట్టెయ్యమని పోరుతూనే ఉంది, నేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు చూడండక్కా, కొంచెమైనా మానిందేమో."

మన భాషతో వచ్చిన తంటా ఇది. వదిలెయ్యడమూ మానడమే, నయం కావడమూ మానడమే. రాసినవాళ్ళు ఒకటి అనుకుని రాస్తే, ఆశ ఉన్నవాళ్ళు రెండోది చదువుకుంటారు. ఆ తండ్రి రెండూ కలిపి చదువుకున్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. రాత ఇంకా కష్టం. అయినా దోమక్క ముందు తీసుకోవడానికే చూసింది. "ఇక ఫర్వాలేదు మేస్త్రీ గారూ. గడువు అయిపోయింది. రేపటి నుంచి పండు పెట్టొచ్చు," అంది, ఎటో చూస్తూ. అలా అయితే తన పరువూ దక్కుతుంది, ఆయన కష్టమూ దండగ పోయినట్టుండదు అనుకుంది.

"వద్దులెండక్కా," అన్నాడతను మెల్లగా. "ఆరు వారాలు ఓర్చుకున్నాం. ఇంకో ఆరు వారాలు ఓర్చుకుంటే పూర్తిగా మానుతుందేమో. దాని మాటలు దానికి వస్తే చాలు నాకు."

పిల్ల మోచేతి ఎముక చర్మం కింద పదునుగా కనిపిస్తోంది. దోమక్క చేతి తొడుగులు తీసేసి అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను ఇందాక అన్నది అబద్ధం. వినండి. మూడు రోజులే ఆపాలి. పరీక్ష అంకె తప్పు రాకుండా, అంతే తప్ప పండుతో మీ అమ్మాయికి ఏ చెడూ లేదు. మూడు రోజులు అని నేను రాయలేదు. తప్పు నాది. ఇంకొకటి, ఆటిజం పండు మానేస్తే మానేది కాదు. పుండు కాదు, జ్వరం కాదు. మీ అమ్మాయి తీరే అది. రక్తంలో సెరటోనిన్ ఎక్కువ ఉంటే ఏమవుతుందో డాక్టర్లకే ఇంకా తెలీదు."

మేస్త్రీ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది దోమక్కకు. అతను కాగితం మళ్ళీ అదే మడతల్లో మడిచాడు.

"పొద్దున ఏడున్నరకు పండు తినేదక్కా," అన్నాడు. "కిటికీ పక్క కుర్చీలో, నీలం పళ్ళెంలో. ఏడు ముక్కలు. ఆ ఏడూ అయ్యాకే రొట్టె, రొట్టె అయ్యాకే పాలు. మొదటిది లేకపోతే మిగతావి ముట్టదు. దానికి వరస తప్పకూడదు. 'పండు' అని అడిగేది. ఆ మాట దానికి పోయిన ఏడాదే వచ్చింది. నేను 'పండు లేదు' అని చెప్పేవాణ్ణి. ఇరవై రోజులు అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. పళ్ళెం ముందు కూర్చుని తనే 'పండు లేదు' అనేసి, కాసేపుండి లేచి వెళ్ళిపోయేది. పాపం, అర్థం చేసుకుంది, సర్దుకుంది అనుకున్నాను."

దోమక్క ఆ రోజు రక్తం తియ్యలేదు. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరమ్మ పిల్లను నిలువెల్లా పరీక్షించి, బరువు మళ్ళీ వస్తుంది, వారం వారం తీసుకురండి అంది. పరిశోధన జాబితాలోంచి పిల్ల పేరు కొట్టేసి, మేస్త్రీకి తన తరఫున కూడా క్షమాపణ చెప్పింది. దోమక్కతో మాత్రం ఒక్క మాటే అంది. "రక్తం గొట్టాన్ని కుదపకుండా అంత జాగ్రత్తగా మోస్తావు. మాటను కూడా అలాగే మొయ్యాలి." అంతకంటే చెంపదెబ్బ కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

దోమక్క పరుగున వెళ్ళి వీధి చివర బండి దగ్గర అరడజను పళ్ళు కొనుక్కొచ్చింది. బుజ్జమ్మ వాటి వైపు చూడనైనా చూడలేదు.

"ఇక్కడ తినదు," అన్నాడు మేస్త్రీ. "పొద్దునే, మా ఇంట్లోనే."

"నేను రావచ్చా?"

అతను పళ్ళు అందుకుని సంచిలో పెట్టుకున్నాడు. "ఏడున్నరకు తింటుంది," అన్నాడు. తర్వాత "తినేది," అని దిద్దుకున్నాడు. "రండక్కా."

మర్నాడు ఏడుంబావుకల్లా దోమక్క వాళ్ళ ఇంటి మెట్లెక్కింది. కింద పనిచేసే కొట్టు, పైన రెండు గదులు. ఇల్లంతా కొత్త చెక్క వాసన. మేస్త్రీ భార్య తలుపు తీసి, ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"మీరేనా ఆ కాగితం రాసింది? ఈయనకి మా మాటలు చెవికెక్కవు, రాసిచ్చిన ముక్క ఉంటే చాలు, బ్రహ్మరాతే." అనేసి, కుర్చీ దులిపి వేసింది. "కూర్చోండి. నిలబడితే బుజ్జమ్మ కంగారు పడుతుంది."

గోడ మీద కాగితం అంటించిన చోట నాలుగు మూలల గుర్తులు మిగిలాయి. మేస్త్రీ పండు ఒలిచి, కొలిచినట్టు ఏడు ముక్కలు కోసి, నీలం పళ్ళెంలో వరసగా పేర్చాడు. బుజ్జమ్మ వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

"పండు, బుజ్జమ్మా," అన్నాడు తండ్రి. "చూడు. పండు."

పిల్ల పళ్ళెం వైపు చాలాసేపు చూసింది. తర్వాత అచ్చం తండ్రి గొంతుతో, అతను రోజూ అన్న ఆ నిదానంతోనే "పండు లేదు," అంది.

మేస్త్రీ ముఖం వాడిపోయింది. "ఉంది తల్లీ. ఇదిగో, ఉంది."

"పండు లేదు," అంటూ పిల్ల మొదటి ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. రెండోది. మూడోది. ఏడు ముక్కలూ అయ్యాయి. తల్లి రొట్టె పెట్టబోతే చేత్తో పక్కకు నెట్టి, ఖాళీ పళ్ళేన్ని రెండు చేతులా తండ్రి వైపు చాపింది. ఈసారి కళ్ళెత్తి మరీ అంది. "పండు లేదు."

"ఇంకేం లేదంటోంది," అన్నాడు మేస్త్రీ. "చాలంటోంది."

దోమక్క తల అడ్డంగా ఊపింది. "కాదు మేస్త్రీ గారూ. దూదిని 'అంతే' అన్నట్టే. ఏ వస్తువు దగ్గర ఏ మాట వింటే దానికదే పేరు. ఇది ఇంకా కావాలని అడుగుతోంది."

కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అతను లోపల రోజులు లెక్క పెట్టుకుంటున్నాడని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అయితే ఇది సర్దుకోలేదా అక్కా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ రోజూ పొద్దున... అడుగుతూనే ఉందా?"

కాదని చెప్పాలని దోమక్కకు ఎంతో అనిపించింది. "అడుగుతూనే ఉంది," అంది.

పొయ్యి దగ్గర తల్లి అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. మేస్త్రీ ఇంకో పండు ఒలిచాడు. నూలు తాడు పట్టి గీసినట్టు చెక్క కోసే చెయ్యి, ముక్కల్ని చిన్నా పెద్దా చేసి కోసింది. బుజ్జమ్మ విసుక్కోలేదు. వాటిని పెద్దది ముందు, చిన్నది చివర వచ్చేలా తనే వరసలో పెట్టుకుని తినసాగింది.

మేస్త్రీ కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. కాసేపు కూతురు తినడం చూశాడు. తర్వాత కూలి డబ్బులు అడిగేవాడిలా అరచెయ్యి చాపి, మెల్లగా, కొత్త భాష నేర్చుకుంటున్నవాడిలా అన్నాడు.

"పండు లేదు."

పిల్ల నమలడం ఆపి ఆ చేతిని చూసింది. వరసలో ఇంకా మూడు ముక్కలున్నాయి. చిట్టచివరిది, అన్నిటికంటే చిన్నది తీసి, తండ్రి అరచేతి మధ్యలో పెట్టింది.