ఇరవై మూడో పేరా

మల్లేశ్వర్ సార్ ఉపవాచకం చెప్పేటప్పుడు హాజరు నంబరు ప్రకారం ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివిస్తారు. మీద విమానం పోతుంటే చెయ్యెత్తుతారు. చదివేవాళ్లు ఆగి, మోత తగ్గి ఆయన చెయ్యి దించాక, ఆపిన మాట దగ్గరే అందుకోవాలి. శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలై మూడేళ్లయింది. తొమ్మిదో తరగతికి అది అలవాటే.

మనీషా నంబరు ఇరవై మూడు. రేపటి కథలో పేరాలు ముందే లెక్కపెట్టుకుంది. ఇరవై మూడో పేరాలో రాజవ్వ అనే కోడలు బిందె గట్టున పెట్టి చెరువులోకి నడుస్తుంది. మళ్లీ రాదు.

మనీషా అక్క కవిత రెండేళ్ల క్రితం హిమాయత్ సాగర్ జలాశయంలో మునిగి చనిపోయింది. కాలు జారిందని ఇంట్లో చెప్పారు. ఊరూ అదే అంది, మనీషా ముందైతే. కవిత చెప్పులు ఒడ్డున రాయి మీద జతగా పెట్టి ఉన్నాయి. వాటిని ఇంటికి తెచ్చింది మనీషాయే.

బడి వదిలాక సార్ పిలిచారు.

"రేపు నువ్వు లైబ్రరీల కూసో బిడ్డా. గిసొంటి కథ పిల్లలతోని చదివించొద్దని హెడ్మాస్టర్‌కు చెప్పి చూసిన. పరీక్షకు ఉన్నది, తప్పదన్నరు."

ఇంట్లో ఆ మాట చెబితే తల్లి అనంతమ్మ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"కాలు జారిన పిల్ల చెల్లెకు గా కథతోని భయమేంది? నువ్వు లేచి పోతే అందరికి ఎరుకైతది. సక్కగ నిలవడి చదువు."

"నాతోని కాదే అమ్మా."

"అయితది. పద్యాలు అప్పజెప్తవ్ గద, గట్లనే."

చదివితే గొంతు పట్టిస్తుంది. చదవకపోతే ఖాళీ చోటు పట్టిస్తుంది. మనీషాకు ఆ రాత్రి మూడో దారి దొరకలేదు.

మర్నాడు లేచి నిలబడింది. "రాజవ్వ బిందె గట్టున పెట్టి" వరకు చదివింది. సార్ చెయ్యెత్తారు. విమానం. తరగతంతా పుస్తకాలు వదిలి ఆమెనే చూసింది.

పక్కనున్న లుబ్నా మనీషా లంగా అంచు పట్టి లాగింది. "కూసోవే. నేను చదువుత. నీకు బుఖార్, పెయ్యి కాలుతున్నదని చెప్త."

మనీషా తల అడ్డంగా ఊపింది. మోత తగ్గింది. సార్ చెయ్యి దించలేదు. ఆయన దించేదాకా ఆగకుండా మిగతా పేరా చదివి కూర్చుంది. గొంతు వణకలేదు.

పాఠం చివర ప్రశ్న ఇంటిపనికి వచ్చింది: రాజవ్వ చేసింది సరైనదేనా? మీ అభిప్రాయం పది వాక్యాల్లో రాయండి.

"ఏడ్చినవా?" సాయంత్రం ఇంట్లో మనీషా నోట్‌బుక్ తెరవగానే అడిగింది అనంతమ్మ.

"లేదు."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"లేదు."

"మంచిగైంది. ఇగ ఏం రాస్తున్నవ్?"

మనీషా ప్రశ్న చదివి వినిపించింది.

"తప్పు అని రాయి."

"రాసిన. ఇంక తొమ్మిది రాయాలె."

అనంతమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది. వచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంది.

"అమ్మకు చెప్పాల్సుండె అని రాయి."

మనీషా పెన్ను కదల్లేదు.

"రాస్తలేవేంది?"

"సార్ చదివితే ఎరుకైతది గదా అమ్మా."

"రాయి బిడ్డా," అంది అనంతమ్మ.