ఇద్దరిలో రెండోది

పెద్దకోడలి ఇంటి ముందుగదిలో అడుగుపెట్టినవాళ్ళకి మొదట కనిపించేవి వెండి పతకాలు. కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు చెప్పడం మానేసి వాటివంకే చూసేవారు. "ఈ వయసులో సైకిలు పందాలా! అన్నిసార్లూ రెండోస్థానమే!" అని నోరు వెళ్ళబెట్టేవారు. ఆవిడ మెడలో టేపు సర్దుకుంటూ, అదేమంత గొప్ప కాదన్నట్టు నవ్వేది. యాభై దాటిన ఆడవాళ్ళ విభాగంలో పోటీ చేసేది ఇద్దరేనన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడిగిన కొలతకి మించి గుడ్డ కత్తిరించే అలవాటు ఆవిడకి లేదు.

ఆ ఇద్దరిలో మొదటిది ఆవిడ తోటికోడలు. అదే ఇంట్లో పైవాటా. మెట్లెక్కే ఓపిక లేకపోతే బాల్కనీలోంచే పోట్లాడుకునేంత దగ్గర. చిన్నకోడలు స్కూల్లో ఆటల టీచరు, సైకిలెక్కితే బాణం. పెద్దకోడలికున్న అర్హతల్లా ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కిన కాళ్ళు.

"తొక్కడంలో అనుభవం నాదే ఎక్కువ" అనేది.

"అవునక్కా. కాని ఆ మిషను ఉన్నచోటునుంచి కదలదు. నువ్వూ అంతే" అనేది చిన్నకోడలు.

పందెం కూడా రోడ్డు మీద జరిగేది కాదు. మైదానంలో రెండువైపులా రిబ్బన్లు కట్టి, మలుపు మీద మలుపు తిప్పి, మధ్యలో అడ్డు పలకలు, ఇసుక, నిటారు గట్టు పెడతారు. కొంతదూరం సైకిలు మనిషిని మోస్తుంది, కొంతదూరం మనిషి సైకిలుని మోస్తుంది. సైక్లోక్రాస్ అంటారు దాన్ని. పెద్దకోడలి భర్త మాత్రం "డబ్బిచ్చి బురద పూసుకోవడం" అంటాడు.

ఈసారి పందానికి ముందు ఓ కబురు వచ్చిపడింది. మరిదికి బదిలీ అయింది. వారం తిరిగేసరికి పైవాటా ఖాళీ.

ఎవరైనా ఊరెళుతున్నారంటే పెద్దకోడలికి కాళ్ళూ చేతులూ ఆడవు. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని టిక్కెట్టుందా, మందులు పెట్టుకున్నారా, తాళం వేశారా అని ప్రాణం తీస్తుంది. కదిలాక, అసలు చెప్పాల్సిన మాట చెప్పనేలేదని ఇంటిదాకా ఏడుస్తుంది. చిన్నకోడలు వెళ్ళిపోతుందని విన్నప్పుడూ ఏడుపే తన్నుకొచ్చింది. అయితే ఈసారి దాన్ని పౌరుషంలోకి మళ్ళించింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తోటికోడల్ని ఓడించాలి. వచ్చే ఏడు తనొక్కతే మిగిలితే ఆ విభాగమే ఎత్తేస్తారు.

"నాకు బంగారం కావాలి" అంది పందెం రోజు పొద్దున్నే భర్తతో.

"కొట్లు తెరవనీ, చూద్దాం" అన్నాడాయన.

పందానికి ముందు అందరూ ఓసారి చుట్టివచ్చి దారి చూసుకుంటారు. పెద్దకోడలికి ఏటా ఆ సమయమంతా బాత్రూము ముందు వరసలో గడిచిపోతుంది, భయానికి. అదొక లోటని ఎప్పుడూ అనిపించలేదు. ఎలాగూ ముందు చిన్నకోడలి వీపు ఉంటుంది. అది తిరిగినప్పుడు తిరగడం, అది వంగినప్పుడు వంగడం.

ఈల మోగింది. మొదటి చుట్లు ఎప్పటిలాగే జరిగాయి. వీపు ముందు, ఆవిడ వెనక. ఊపిరి నూనె వెయ్యని మిషనులా కీచుమంటోంది. చివరి చుట్టుకి గంట కొట్టారు. కాస్త ముందుకెళ్ళగానే బురదగుంట దగ్గర చిన్నకోడలు దిగింది. కాలు పైకొచ్చింది, బూటు రాలేదు.

"ఏమైందే?"

"బూటు మింగేసిందక్కా! నువ్వు పో, ఏం చూస్తావ్!"

ఆగుదామా అని పెద్దకోడలి మనసు అడిగింది. నిజం చెప్పాలంటే, మనసు అడుగుతుండగానే కాళ్ళు వెళ్ళిపోయాయి. మొట్టమొదటిసారి ముందుంది! గాలి నేరుగా మొహానికి తగిలింది. మైకు పట్టుకున్నాయన గొంతు పెంచాడు. ముందుగదిలో బంగారు పతకానికి మేకు ఎక్కడ కొట్టాలో కూడా ఖాయం చేసుకుంది. సరిగ్గా అప్పుడే దారి రెండుగా చీలింది.

నిజానికి చీలలేదు. గాలికి ఓచోట రిబ్బను తెగి పడింది, అంతే. అదే చోటు ఇందాకటినుంచీ దాటుతూనే ఉంది గాని, ఆవిడ ఏనాడూ చూసింది దారిని కాదు. కుడివైపు పచ్చగా, బాగున్నట్టు తోచింది. ఎవరూ తొక్కలేదు గనకే పచ్చగా ఉందని బుర్రకి తట్టలేదు. వీరావేశంతో తొక్కుకుంటూ పోయి అంబులెన్సు ముందు తేలింది.

నర్సు ఆత్రంగా లేచింది. "దెబ్బ ఎక్కడండీ?"

"దెబ్బ కాదమ్మా, దారి తప్పాను."

"దానికి మా దగ్గర మందు లేదండీ" అని నర్సు మళ్ళీ కూర్చుంది.

వదిలినచోటికే వచ్చి మళ్ళీ దారిలో కలవకపోతే పందెంలోంచి తీసేస్తారు. ఆవిడ సైకిలు ఈడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి, ఒంటిబూటుతో చిన్నకోడలూ అక్కడికే వచ్చింది.

"ఎక్కడికెళ్ళావ్?"

"అంబులెన్సు దగ్గరికి."

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "తగిలిందా?"

"లేదే. దారి తెలీలేదు."

"ఇన్నేళ్ళనుంచి తిరుగుతున్నావు, దారి తెలీదా?"

"నీ వీపు తెలుసు."

చిన్నకోడలు సైకిలు పక్కకి జరిపి దారిచ్చింది. మరుక్షణం గదమాయించింది. "పద, ముందు నడు! దారి తప్పినదాన్ని గెలిచానంటే నాకేం పరువు? ఎడమకి తిప్పు! ఎడమంటే గడియారం చెయ్యక్కా!"

వెనకనుంచి ఒకరి అరుపులు, ముందునుంచి ఒకరి కసురు.

"పలకలొస్తున్నాయ్, దిగు!"

"తెలుసులేవే!"

"తెలిస్తే దిగు మరి!"

ఆఖరి గట్టు దగ్గర చిన్నకోడలి నోరు టక్కున మూతపడింది. అక్కణ్ణుంచి గీత కనిపిస్తూనే ఉంది, చెప్పాల్సిన మలుపులు లేవు. ఇద్దరూ సైకిళ్ళు భుజానికెత్తుకున్నారు. చిన్నకోడలి ఊపిరి చెవి పక్కకి వచ్చింది, చెవి దాటింది, అంతలో మేజోడు కాలు సర్రున జారింది. పెద్దకోడలు తల తిప్పలేదు. తిప్పితే ఆగిపోతానని తెలుసు. మళ్ళీ ఎక్కే ఓపిక లేక, సైకిలు భుజాన ఉండగానే గీత దాటేసింది. సైకిలు పందాన్ని కాలినడకన గెలిచిన ఘనత ఆవిడకి దక్కింది.

సైకిళ్ళు వ్యానులో వేసుకుని తిరుగుప్రయాణమయ్యారు. భర్త నడుపుతున్నాడు. చిన్నకోడలు కిటికీవైపు తిరిగి కూర్చుంది.

"ఏమే, కోపమా?"

"నాకెందుకు? ఒంటిబూటుదాన్ని ఓడించావు, పండగ చేసుకో."

"దారి చెప్పింది నువ్వేగా. సగం నీదే."

"సగం ఎవడిక్కావాలి? వచ్చే ఏడు వచ్చి మొత్తం లాక్కుంటా."

పెద్దకోడలు గబుక్కున అటు తిరిగింది. "నిజంగా వస్తావా?"

"రాక? నేను రాకపోతే పందెమే ఉండదు. ఆ బంగారం చూపించుకుంటూ నువ్వు ఊరేగుతుంటే, అక్కడ నాకు నిద్రపడుతుందా?"

ఇల్లు చేరాక చిన్నకోడలు తన సైకిలు దింపింది. పైకి మోసుకెళ్ళలేదు. కుట్టుమిషను పక్కన గోడకి చేరేసింది.

"ఇది సామాన్ల లారీ ఎక్కదు. ఇక్కడే ఉంటుంది. బురద ఎండకముందే కడుగు. గొలుసుకి నూనె వెయ్యి. నీదానికి పట్టినట్టు తుప్పు పట్టనిచ్చావో, చూడు!"

"నేనా కడగాలి? గెలిచింది నేనే!"

"అందుకేగా చెబుతున్నా. గెలిచావు, ఓపికుంటుంది."

విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది. మెట్టు విడిచి మెట్టు మీద బురదపాదం ముద్రలు పడ్డాయి.

పెద్దకోడలు బకెట్టులో నీళ్ళు పట్టుకొచ్చి సైకిలు ముందు చతికిలబడింది. వంగినప్పుడల్లా మెడలోని బంగారం నీళ్ళలో మునుగుతోంది. చివరికి విసుగొచ్చి దాన్ని వెనక్కి నెట్టేసి, చక్రం పుల్లలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.