జనరేటరు శ్రుతి

సంగీతం చెప్పే నూకరత్నం టీచరును మెట్ల కింద గదిలో కుక్కింది మీరే, స్కూలు కమిటీ పెద్దలారా! శ్రుతిపెట్టె కొనండని పంతొమ్మిదేళ్లు అడిగించుకుని పెడచెవిన పెట్టిందీ మీరే. ఇప్పుడు దండలు పట్టుకుని తిరిగితే ఎవడిక్కావాలి?

వార్షికోత్సవం నాటి ఉదయం కూడా ఆమె ఆటల చాపలు గోడకు నెట్టి, క్రికెట్ కిట్టు పక్కకు జరిపి, ఉన్న కాస్త చోటులో కూర్చుంది. బక్క మనిషి. కళ్లజోడు కాడకు నల్లదారం చుట్టి ఉంటుంది. గోడ అవతల జనరేటరు. కరెంటు పోగానే అది ఒకే స్థాయిలో గుర్రుమంటుంది. వేరే దిక్కులేక ఆ రొదనే షడ్జంగా పట్టుకుంది. చోడవరంలో కరెంటు పోయిన రోజునే ఆమె పాఠం బాగా కుదిరేది. ఆదివారం ఇంట్లో పాడుకున్నా గొంతు వెళ్లి ఆ రొద దగ్గరే కూర్చునేది.

పదకొండు వర్ణాలు కట్టింది, అన్నీ ఆ శ్రుతికే. ఒక్కటీ వేదిక ఎక్కలేదు. ఏటా స్వాగతగీతం నేర్పడమే ఉద్యోగం. ఈసారి బతిమాలగా బతిమాలగా కల్యాణి వర్ణానికి మూడు నిమిషాలిచ్చారు. అది దేవుడి మీద కాదు, చెరుకు కొట్టే ఆడవాళ్ల మీద. రావికమతం నుంచి వచ్చే తొమ్మిదో తరగతి గౌతమి దాన్ని ఆర్నెల్లు సాధన చేసింది.

మధ్యాహ్నం కరస్పాండెంటు శివాజీ గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచరమ్మా, గెస్టుగారు తొరగా ఎల్లిపోతారట. మీ పాట తీసేసేం. స్వాగతగీతం ఉందిగదా, సాల్దేటి?"

"పాట కాదు బాబూ, వర్ణం."

"ఏదైతేనేటమ్మా!"

అతను వెళ్లిపోయాడు. ఆమె ఎడమ భుజం నొక్కుకుంటూ వెనక్కి తిరిగింది. పట్టులంగాలో నిలబడ్డ గౌతమి కళ్లు తుడుచుకుంటోంది.

"ఏడుపెందుకే గుంటా? ఇక్కడే పాడు."

"ఇక్కడెవులింటారు టీచర్?"

"నానింటాను."

"మరి శ్రుతో?"

"ఆగవే. కరెంటు పోనీ."

ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది.

మూడింటికి మైకులో గెస్టుగారి పేరు చదువుతుండగానే కరెంటు పోయింది. బయట జనం ఉసూరుమన్నారు. గోడ అవతల జనరేటరు గుర్రుమంది. టీచరు నోటుపుస్తకం తెరిచి, తొడ మీద ఆదితాళం మొదలుపెట్టింది.

గౌతమి పాడింది. పల్లవి, అనుపల్లవి దాటి చరణంలోకి వెళ్లేసరికి టీచరు కళ్లజోడు తీసి పుస్తకంలో పెట్టి, చాపలకు ఆనుకుని కళ్లు మూసుకుంది. తాళం వేస్తున్న చెయ్యి ఉంగరం వేలి దగ్గర ఆగింది. మనసులో లెక్కపెట్టుకుంటోందనుకుని గౌతమి ఎక్కడా తప్పకుండా చివరిదాకా పాడింది.

"టీచర్, సరిగ్గా వచ్చిందా?"

బయట చప్పట్లు మోగాయి, గెస్టుగారికి. ఆ చెయ్యి మళ్లీ కదల్లేదు.

ఆమె పోయిన మర్నాడే ఆ గదికి తాళం పడింది. ముందు ఆ తాళం తియ్యండి. పదకొండు వర్ణాలున్న ఆ పుస్తకం గౌతమి చేతికివ్వండి. వచ్చే వార్షికోత్సవంలో మొదట వినిపించాల్సింది ఆ వర్ణమే, మీ గెస్టు వచ్చినా రాకపోయినా. చాపల పక్కన పుస్తకం ఇంకా తెరిచే ఉంది. చరణం మీద నల్లదారం చుట్టిన కళ్లజోడు, కాడలు మడవకుండా.