తల చాచిన తాబేలు

ఎసట్లో బియ్యం పోసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని దేవుడమ్మ మళ్ళీ తాబేలు బొమ్మ ముందు కూర్చుంది. అన్నం ఉడికేలోగా డిప్ప మీద గళ్ళు పూర్తిచేయాలి. ఆ తర్వాత బొమ్మ కింద కాంతయ్య తన సంతకం ఇంగ్లీషులో వంపులు తిప్పి పెట్టుకుంటాడు. గీసేది పెళ్ళాం, పేరు మొగుడిది.

కాంతయ్య సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో గుమస్తా. ఇంకో నెలలో ఈ దేశానికి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం. దొరలు మూటాముల్లె సర్దుకుంటున్నారు. తోట దొరసాని దగ్గరున్న పాత పుస్తకంలో, నాలుగు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో గీసిన జంతువుల బొమ్మలున్నాయి. ఈ చెమ్మకు పుటలు బూజుపట్టి పోతుంటే, ఓడెక్కేలోగా నకళ్ళు కావాలంది. "నేను గీస్తాను" అని ఒప్పుకుని వచ్చాడు మహానుభావుడు. ఆయనకు గీత తిన్నగా రాదు. ముగ్గులు పెట్టిన చెయ్యి దేవుడమ్మది.

ఆ బొమ్మల్లో ప్రతి జంతువుకూ ఒక అర్థం ఉందట. పిల్లల కోసం రొమ్ము చీల్చుకునే గూడకొంగ త్యాగానికి గుర్తు. తాబేలేమో మంచి ఇల్లాలికి గుర్తు, ఇల్లు వదలదు, నోరెత్తదు. దొరసాని చెప్పిన ఈ సంగతి కాంతయ్య ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు.

"అచ్చం నీలాటిదే. ఆ కాలం దొరలకి కూడా తెలిసినాది సూడు."

మురిపెమే, కాదనలేం. అది ఎక్కడ గుచ్చుకుందో ఆయనకు తెలియదు. ఆరేళ్ళ కిందట, అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు తిండి అందకుండా తోట జనాన్నంతా ముళ్ళకంచె లోపలికి తోలిన ఏడు, రోడ్డు మీద ఎవరో లారీ తగలబెట్టారని పట్టపగలు కర్ఫ్యూ పెట్టారు. నాలుగేళ్ళ కూతురు సీతకు జ్వరం, ఆపైన ఫిట్స్. మందులిచ్చే డ్రెస్సరు గేటు అవతల ఉన్నాడు. గేటు దగ్గరి సిపాయికి ఇంగ్లీషులో చెప్పగలిగినవాడు కాంతయ్య ఒక్కడే. దేవుడమ్మ సాయం కోసం కేకపెట్టబోతే ఆపేశాడు. "అరవకే! అడివిలో ఉన్నోల్లతో మనకి పొత్తుందనుకుంటారు. నా ఉజ్జోగం పోతాది," అన్నాడు. దేవుడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కర్ఫ్యూ ఎత్తేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరి దగ్గరా ఆయనది ఒకటే మాట, "మా ఆడది బంగారం. అంత కట్టంలోనూ కిక్కురుమన్లేదు." మొగుడి మీద కోపం ఒక ఎత్తు, తన గొంతు మీద కోపం ఇంకో ఎత్తు. అరిచి ఉంటే సిపాయి కాల్చేవాడేమో, గేటు తీసేవాడేమో. ఏదయ్యేదో తెలియకుండా బతకడం ఆమెకు నరకంగా ఉంది.

పుస్తకంలోని తాబేలు తల డిప్పలోకి ముడుచుకుని ఉంది. దేవుడమ్మకు అలా గీయడానికి చెయ్యి రాలేదు. మెడ చాపి, నోరు తెరిచి గీసింది. వంటింటి వెనక కాలవలో తాబేలు అలాగే కనబడుతుంది మరి. నోరు తెరవకపోతే ఏం తిని బతుకుతుంది?

మధ్యాహ్నం దొరసాని బొమ్మలు చూడటానికి తనే ఇంటికి వచ్చింది. తాబేలు దగ్గర ఆగి, తోటలో నేర్చుకున్న అరవంలో అంది, "తల లోపలుండాలి కదా కాంతయ్యా? ఇలాగైతే అర్థమే పోయింది."

కాంతయ్య ముఖం మాడిపోయింది. "తప్పు నాదేనమ్మా, రేపటికి మళ్ళీ గీసిస్తాను," అని అరవంలోనే చెప్పి, పెళ్ళాం వైపు తిరిగి తెలుగులో పళ్ళు నూరాడు. "ఏటే ఇది? నా పరువు తీసినావు. సింపేసి మల్లీ గియ్యి. తల లోపలెట్టు."

మళ్ళీ గీస్తే ఇక ఈ జన్మకు తనకు నోరు లేనట్టేనని దేవుడమ్మకు అనిపించింది. బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"గియ్యను. ఈ బొమ్మలన్నీ నేను గీసినాను. దీని తల ఇలాగే ఉంటాది. నువ్వు ఊరంతా సెప్పి మెచ్చుకున్నావే, ఆ పూట నేను నోరు మూసుకున్నాను. నా పిల్ల సచ్చిపోనాది."

"ఏమంటోంది మీ ఆవిడ?" అని దొరసాని అడిగింది.

కాంతయ్య నోరు తెరిచేలోగా దేవుడమ్మే దొరసాని వైపు తిరిగి, ఒక్క ముక్క కూడా మింగకుండా, అంతా అరవంలో మళ్ళీ చెప్పింది.